కళాయి అన్న తమ్ముడైన నాలుగు రోజులు

ఆ రోజుల్లో మా పాలమూరు వైపు మనిషికి వయసు ఉండేది గాని, ఆ వయసుకు అంకె ఉండేది కాదు. ఎవరినైనా "నీకెన్నేండ్లు?" అని అడిగితే "పెద్ద కరువుల పాలు తాగే పిల్లగాణ్ణి" అనో, "మా అక్క పెండ్లికి గోసి పెట్టుకొని ఉరికిన" అనో చెప్పేవారు. అది తప్పు జవాబేమీ కాదు. ఊళ్ళో అందరికీ ఆ కరువు తెలుసు, ఆ పెళ్ళీ తెలుసు. అంకె కావలసిన వాళ్ళు ఊరికి ముగ్గురే: బడి పంతులు, కచేరీ గుమాస్తా, వాళ్ళిద్దరి తరువాత జీవిత బీమా ఏజెంటునైన నేను. పోనీ అంకె తెలిసిన వాళ్ళకైనా ఒక్కటుండేదా అంటే అదీ లేదు. సర్కారు కాగితాల్లో ఫసలీ సంవత్సరం, మసీదులో హిజ్రీ, మా ఇంటి పంచాంగంలో అరవై పేర్లలో ఒక పేరు, రైలు స్టేషనులో ఇంగ్లీషు సంవత్సరం. ఒకే మంగళవారం నాలుగు ఏళ్ళలో జరిగిపోయేది. ఈ నాలుగింటినీ వేళ్ళ మీద ఆడించగలనని నాకు అప్పట్లో గొప్ప నమ్మకం. ఆ నమ్మకం గద్వాలలో ఒక కళాయి దుకాణం ముందు ఎట్లా పోయిందో చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

నేను చదివింది నాలుగో తరగతి. మిగతా లెక్కలన్నీ మా మేనమామ కిరాణా దుకాణంలో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నవి. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం, ఒకటింబావు ఎక్కం, ఏదైనా సరే నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి (లేపి అడిగిన వాళ్ళు లేరనుకోండి, అయినా సిద్ధంగానే ఉండేవాణ్ణి). నిజాం హాలీ సిక్కాను ఇంగ్లీషు వాళ్ళ కల్దారు రూపాయల్లోకి మార్చడానికి పెద్ద పెద్ద సావుకార్లు కాగితం తీస్తుంటే, నేను చింతపండు తూస్తూ తూస్తూనే జవాబు చెప్పేవాణ్ణి. ఒకనాడు రైలు దిగిన బీమా కంపెనీ ఇన్‌స్పెక్టరు ఒకాయన మా దుకాణంలో బెల్లం కొని, నా నోటిలెక్క విని, అక్కడికక్కడే నన్ను ఏజెంటును చేశాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆయన చెప్పిన షరతులు రెండు. పాలసీ చేయిస్తే మొదటి ఏడాది కిస్తులో మూడో వంతుకు పైగా నాకు కమీషను. ఏ కారణం వల్లనైనా ఆ పాలసీ తొందరలోనే రద్దయితే ఆ కమీషను తిరిగి కంపెనీకి. ఆ రెండో షరతు కాగితం అడుగున ఉర్దూలో చిన్న అక్షరాల్లో ఉండేది. చిన్న అక్షరాలు చదవడంలో నాకు సాటి లేదు గనక చదివాను. చదివి నవ్వుకున్నాను. రద్దు కావాలంటే కాగితంలో తప్పుండాలి గదా, నేను నింపిన కాగితంలో తప్పెక్కడ నుంచి వస్తుంది?

కంపెనీ బొంబాయిలో ఉండేది. వాళ్ళకు పుట్టిన సంవత్సరం ఇంగ్లీషులో రాయాలి. మా నిజాం రాజ్యంలో ఏ కాగితం చూసినా పదమూడు వందల చిల్లర ఫసలీ. దానికి ఐదు వందల తొంభై కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఈ కిటుకు నాకు ఎవరూ చెప్పలేదు. పాత పత్రాలూ రైలు రశీదులూ పక్కపక్కన పెట్టుకుని నేనే పట్టుకున్నాను. పట్టుకున్న రోజు మా మేనమామకు చెబితే ఆయన "బాగున్నది గాని అల్లుడా, ఆ మిరపకాయల బస్త ఎండకు జరుపు" అన్నాడు. ఆయనకు విద్య విలువ తెలియదని అప్పట్లో అనుకున్నాను.

గద్వాల బజారులో చింతచెట్టు సందు మొదట అన్నదమ్ములిద్దరి కళాయి దుకాణం ఉండేది. ఊరంతా వాళ్ళను పెద్ద భాయి, చిన్న భాయి అనే పిలిచేది. ఆ దుకాణంలో పని ఇట్లా సాగేది: ఇత్తడి గంగాళంలో ఇసుక పోసి, పైన గోనె ముక్క వేసి, చిన్న భాయి అందులోకి దిగేవాడు. దూలానికి కట్టిన తాడు పట్టుకుని, నడుము అటూ ఇటూ తిప్పుతూ పాదాలతో గంగాళం లోపలంతా తోమేవాడు. చూసేవాళ్ళకు అది ఆటలాగే ఉండేది. తోమిన గంగాళం కొలిమి మీదికి వెళ్ళేది. అక్కడ పెద్ద భాయి తిత్తి ఊది, నవసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెన్నెల పరచినట్టు మెరిసేది. దిగేవాడు ఎప్పుడూ తమ్ముడే, తగరం పట్టేవాడు ఎప్పుడూ అన్నే. ముప్పై ఏళ్ళుగా అంతే. పెద్దరికం అంటే ఆ దుకాణంలో మాట కాదు, కూర్చునే చోటు.

పెద్ద భాయికి పాలసీ అమ్మడానికి నేను పెద్దగా కష్టపడలేదు. ఆయనే అడిగాడు. "మా అబ్బా గీ పొగకే దగ్గి దగ్గి నడీడుల పోయిండు బేటా. నాకు గూడ సలికాలమొస్తె ఛాతి పట్టేస్తుంది. నాకేమన్న అయితే మా ఇంట్లోల్లు ఒకరి ముందట చెయ్యి జాపొద్దు. గంతే నాకు గావాల్సింది" అన్నాడు. పుట్టిన సంవత్సరం అడిగాను. "అబ్బా చెప్తుండె, పదమూడు నూర్ల పద్నాలుగుల పుట్టిన్నని" అన్నాడు. బడికి పోయిన మనిషి కాదు. ఎనిమిదో ఏటనే తిత్తి దగ్గర కూర్చున్నాడు. అయినా అంకె ఠకీమని చెప్పాడే అని మురిసిపోయి, ఐదు వందల తొంభై కలిపి, 1904 అని రాశాను. వయసు ముప్పై ఆరు. దవాఖానా డాక్టరు పరీక్ష చేస్తూ ఆయన తెల్లబడ్డ గడ్డం వైపు రెండుసార్లు చూశాడు. "కొలిమి దగ్గర పని సాబ్, సెగకు మనిషి ఎండిపోతడు" అని నేనే సర్దిచెప్పాను. డాక్టరు సంతకం పెట్టాడు.

రెండు వారాల తరువాత చిన్న భాయి కూడా ముందుకొచ్చాడు. ఈయన అన్న పుణ్యాన రెండో జమాతు దాకా చదివినవాడు. బడి నుంచి తెచ్చిన కాగితం చూపించాడు. అందులో ఫసలీ 1311 అని శుభ్రంగా ఉంది. కలిపితే 1901, వయసు ముప్పై తొమ్మిది. కుటుంబం సంగతులు రాసే చోట "అన్న ఒకడు, నాకన్న ఐదేండ్లు పెద్ద" అని ఆయన చెబితే, నలభై నాలుగు అని నేనే రాశాను. అదే చేయి, అదే కలం, అదే సిరా. పదిహేను రోజుల కింద ముప్పై ఆరు రాసిన మనిషికే నలభై నాలుగు రాసి, సిరా ఆరడానికి ఊదాను కూడా. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. లోకంలో అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి, నావి తప్ప.

కమీషను వచ్చింది. దానికి ఇంకొంత కలిపి పాత సైకిలు ఒకటి కొన్నాను. ఆ సైకిలు మీద గద్వాల నుంచి ఆత్మకూరుకు, వనపర్తికి, ఖిల్లా ఘణపూరుకు తిరిగి (నడుమ కృష్ణ వచ్చినప్పుడు సైకిలూ నేనూ పుట్టి పడవలో కూర్చునేవాళ్ళం) ఆ ఏడాది ఇంకా చాలామందికి పాలసీలు చేయించాను. అట్లా బాగున్న రోజుల్లో బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. నా ఇంగ్లీషు అంకెల వరకే గనక రైలు స్టేషను బాబు చదివి చెప్పాడు. ఒకే మనిషి వయసు ఒక దరఖాస్తులో ముప్పై ఆరు, ఇంకో దరఖాస్తులో నలభై నాలుగు ఎట్లా అయిందో నెల లోపల రుజువుతో చెప్పాలి. చెప్పలేకపోతే పాలసీలు రెండూ మొదటి నుంచీ చెల్లనివిగా రద్దు చేస్తారు, కమీషను వసూలు చేస్తారు. పైగా ఈ ఏజెంటు చేయించిన మిగతా పాలసీలన్నీ కూడా తిరిగి చూస్తారు. స్టేషను బాబు ఉత్తరం మడిచి ఇస్తూ "జాగ్రత్తయ్యా" అన్నాడు. ఆ జాగ్రత్త నాకు కాదనుకున్నాను. ఎందుకంటే దారిలోనే లెక్క తెగిపోయింది. బడి కాగితం 1311 అంటోంది. నోటిమాట 1314 అంటోంది. పదకొండు ముందు, పద్నాలుగు తరువాత. అంటే తప్పు నాది కాదు, కంపెనీదీ కాదు. ఆ ఇంట్లోనే ఎప్పుడో ఎవరో పొరబడి తమ్ముణ్ణి అన్న అంటున్నారు!

ఇంత గొప్ప సంగతి కనిపెట్టి ఊరుకోగలనా? తిన్నగా దుకాణానికి వెళ్ళాను. పెద్ద సావుకారు ఇంటి పెళ్ళి శుక్రవారం. ఆ ఇంటి గంగాళాలు పద్నాలుగు సందు పొడుగునా బోర్లించి ఉన్నాయి. చిన్న భాయి గంగాళంలో ఉన్నాడు, పెద్ద భాయి తిత్తి దగ్గర ఉన్నాడు. నేను ఉత్తరం సంగతి చెప్పి, నా లెక్క కూడా విప్పి చెప్పాను.

చిన్న భాయి తిరగడం ఆపాడు. "అంటే ఏంది బీమా సాబ్? నేను బడా, ఈన చోటానా?"

"లెక్క గట్లనే జెప్తుంది భాయ్. మీరు పదకొండుల పుట్టిన్రు, ఈన పద్నాలుగుల పుట్టిండు."

"ఏయ్, ఇద్దరికీ దిమాగ్ ఖరాబైందా?" అని పెద్ద భాయి పటకారు కింద పడేశాడు. "వాన్ని గీ సంకల ఎత్తుకొని తిప్పిన్నిరా నేను!"

"తిప్పినవో లేదో నాకు యాదికి లేదు" అన్నాడు చిన్న భాయి. "కాయిదంల అయితే లేదు."

పెద్ద భాయి నా వైపు తిరిగాడు. "ఓ బేటా, నా గడ్డం తెల్లగున్నది, వానిది నల్లగున్నది. గిది లెక్క గాదా?"

"గడ్డం సెగకు తెల్లవడ్తది భాయ్. అంకె తెల్లవడది" అన్నాను. (ఈ మాట అన్నప్పుడు నేను ఎంత సంతోషించానో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

చిన్న భాయి నింపాదిగా గంగాళంలోంచి దిగాడు. పాదాలకంటిన ఇసుక కడుక్కున్నాడు. వెళ్ళి అన్న కూర్చునే గోనెపట్టా మీద కూర్చుని, కాలు మీద కాలేసుకుని, "చోటే, జర చాయ్ జెప్పు" అన్నాడు.

అది సోమవారం. ఆ రోజు నుంచి దుకాణంలో పని నిలిచిపోయింది. చిన్న భాయి గంగాళంలో దిగనన్నాడు. "ముప్పై ఏండ్లు దిగిన. పెద్దోన్నని తెల్వక దిగిన. ఇగ వాణ్ణి దిగమను" అనేవాడు. పెద్ద భాయి కొలిమి ముందు నుంచి లేవనన్నాడు. లేస్తే అక్కడ ఎవరు కూర్చుంటారో ఆయనకు తెలుసు. మంగళవారం మధ్యాహ్నం పెద్ద భాయి భార్య రొట్టెలు తెచ్చింది. చిన్న భాయి "ముందుగాల నాకు పెట్టాలె. నేను నీ మొగనికి అన్నను. నా ముందట గిట్ల నెత్తి మీద కొంగు లేకుంట నిలవడొద్దు" అన్నాడట. ఆవిడ "కొంగు గాదు, సాలన్ చట్టి తెచ్చి నీ నెత్తి మీద బోర్లిస్త. నిన్న మొన్నటిదాంక నా చేతుల ముద్ద తిని పెరిగినవ్, ఇయ్యాల నాకు జేఠువు, పెద్దబావవు అయినవా?" అని రొట్టెల గంప వెనక్కు తీసుకుపోయిందట. దాంతో ఆ పూట అన్నాతమ్ముడూ ఇద్దరూ పస్తు. పెద్దరికం తేలలేదు గాని ఆకలి మాత్రం ఇద్దరికీ సమానంగా పడిందని మా మేనమామ దుకాణంలో చెప్పుకున్నారు.

బుధవారం సావుకారు మనిషి వచ్చి కేకలేసి పోయాడు. నేను మా దుకాణంలో కూర్చుని నా కూడికను మళ్ళీ మళ్ళీ చేసి చూసుకున్నాను. పైనుంచి కిందికి కలిపాను, కిందినుంచి పైకి కలిపాను. తప్పు లేదు. మా మేనమామ కాసేపు చూసి "అల్లుడా, కూడిక సరే. ఏం కూడుతున్నవో ఎరికేనా?" అన్నాడు. ఆయన మామూలుగా అన్నాడో తెలిసే అన్నాడో నాకిప్పటికీ తెలియదు. నాకు మాత్రం కోపం వచ్చింది.

గురువారం పెద్ద భాయికి ఇక దారి లేకపోయింది. రేపు పెళ్ళి. మాట ఇచ్చిన మనిషి. లుంగీ పైకి కట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, గంగాళంలోకి దిగాడు. చిన్న భాయి విజయం సాధించినట్టు తిత్తి దగ్గర కూర్చున్నాడు. సందు నిండా జనం. (నేను ముందు వరసలోనే ఉన్నాను. లెక్క నాది గదా.) పెద్ద భాయి తాడు పట్టుకుని నడుము తిప్పాడు. ముప్పై ఏళ్ళు కూర్చుని పనిచేసిన నడుము. అది ఒక వైపు తిరిగితే పాదాలు ఇంకో వైపు తిరిగాయి. గంగాళం మాత్రం ఎటూ వద్దని గిర్రున తన చుట్టూ తనే తిరిగింది. తాడు వదిలేసి ఆయన అందులో కూలబడ్డాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలి ఇరుక్కుపోయాయి. బయటికి తలపాగా, రెండు చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. అక్కడ చిన్న భాయి చేతిలో నవసాగరం ఒక్కసారిగా పిడికెడు పడింది. తెల్లని పొగ సుడి తిరిగి లేచింది. ఆయన దగ్గుతూ కళ్ళు మూసుకుంటే తగరం ఆకు పటకారులోంచి జారి బూడిదలో కలిసిపోయింది. పొగలోంచి ఒకడు దగ్గుతున్నాడు, గంగాళంలోంచి ఇంకొకడు "అరే, తీయిండ్రి నన్ను!" అని అరుస్తున్నాడు. సందులో నవ్వని మనిషి లేడు.

ఆ గోలకు ఇంట్లోంచి వాళ్ళ తల్లి వచ్చింది. చూపు సరిగా ఆనని ముసలమ్మ, కర్ర పట్టుకుని, గోడ తడుముకుంటూ వచ్చింది. సంగతంతా కోడలు చెప్పింది. ముసలమ్మ ముందు గంగాళాన్ని కర్రతో ఠంగుమని కొట్టింది, తరువాత పొగ వైపు తిరిగింది.

"ఎవడు పెద్దోడో నన్నడగకుంట కంపెనీనడిగిన్రా? మిమ్ముల కన్నది కంపెనీనా?" అంది. "ఏడి ఆ లెక్కల పిల్లగాడు? ఇట్ల రా. వీళ్ళ అబ్బా సామాను పెట్టె మూత తెచ్చి సూడు."

మూత తెచ్చారు. అది వాళ్ళ నాన్న పనిముట్ల పెట్టె మూత. లోపలి వైపు ఆయన చేత్తో ఉర్దూలో రాసిన రెండు వరుసలు. మొదటిది పెద్ద కొడుకు పేరు, 1314 శాబాను నెల. రెండోది చిన్న కొడుకు పేరు, 1319 శాబాను. నేను చదివి వినిపించి, "పంతొమ్మిది అని ఉన్నది గాని, బడి కాయిదంల పదకొండు ఉన్నది. ఇది తప్పు రాసిన్రు" అనబోయాను. నోరు సగం తెరిచాను. అప్పుడు కనిపించింది. రెండు అంకెల పక్కనా చిన్నగా ఒక అక్షరం. హిజ్రీ సంవత్సరం రాసినప్పుడు ఉర్దూలో పక్కన పెట్టే 'హే' అక్షరం. ఫసలీ అయితే 'ఫే' పెడతారు. మా దుకాణం పద్దుల్లో వెయ్యిసార్లు చూసిన గుర్తే. పెద్ద భాయి నోటితో చెప్పిన అంకెకు ఆ గుర్తు లేదు, నేను అడగనూ లేదు. చంద్రుణ్ణి బట్టి నడిచే హిజ్రీ ఏడాది సూర్యుణ్ణి బట్టి నడిచే ఏడాది కంటే పది పదకొండు రోజులు పొట్టిది. రెండూ ఎప్పుడో ఒక్కచోటే బయలుదేరినా, పొట్టి అడుగుల వాడు ఎక్కువ అడుగులు వేయాలి గదా, పెద్ద భాయి పుట్టేనాటికే హిజ్రీ అంకె ఫసలీ కంటే ఏడెనిమిది పెద్దదైపోయింది. ఆ పెద్ద అంకెకు నేను ఫసలీ కిటుకు తగిలించి, మనిషిని ఏడేళ్ళు చిన్నవాణ్ణి చేశాను. నా కూడికలో తప్పు లేదు. మామిడిపండ్లకు గోధుమల ధర కట్టాను, అంతే.

ఆ నిమిషాన సందు మూసుకుపోయి నన్ను మింగితే బాగుండుననిపించింది. మూత పట్టుకునే నిలబడి, తప్పు నాదని చెప్పాను. పెద్ద భాయి 1896 ముగిసి తరువాతి ఏడు వచ్చే వేళ పుట్టాడు, నలభై మూడేళ్ళు. తమ్ముడు ఆయన కంటే ఐదేళ్ళకు రెండు నెలలు తక్కువగా చిన్నవాడు. హిజ్రీ ఏళ్ళు ఐదు, మామూలు ఏళ్ళయితే నాలుగూ, పది నెలలూ.

"అయితే నేను బడానే గద?" అంది గంగాళం.

"మీరే బడా."

"మరి తియ్యి నన్ను."

ఇద్దరం కలిసి లాగాం. నేను ఒక చేయి, చిన్న భాయి ఒక చేయి. బయటికొచ్చి లుంగీ దులుపుకున్నాక, ఇంకో సగం కూడా చెప్పక తప్పలేదు. వయసు నలభై మూడని ఒప్పుకుని రుజువు పంపితే పాలసీ నిలుస్తుంది; కాని ఆ వయసుకు కిస్తు ఎక్కువ. వెనకటి తేడా కూడా కట్టాలి. పెద్ద భాయి తలపాగా సర్దుకుని అడిగాడు.

"పెద్దోణ్ణి గావాల్నంటె పైసలు గట్టాల్నా?"

"కట్టాలె భాయ్."

"చిన్నోణ్ణిగనే ఉంటె?"

"రద్దు జేస్తరు. మీకేమన్న అయితే ఇంటికి రూపాయి రాదు. నా కమీషన్ గూడ వాపస్ గుంజుకుంటరు."

"నీ కమీషన్ సంగతి నాకెందుకు జెప్తున్నవ్?"

"లెక్కల ఉన్నది గనక జెప్తున్న" అన్నాను. అది నిజం. ఆ మాటకు ముసలమ్మ మొదటిసారి నవ్వింది.

పెద్ద భాయి గోనెపట్టా మీద కూర్చున్నాడు. నెలకింత పెరిగితే ఇంట్లో ఏది తగ్గాలో లోపల లోపలే చూసుకుంటున్నాడని ముఖం చెబుతోంది. నాకు చదవడం వచ్చిన లెక్క అది. తగ్గించడానికి ఏమీ లేదు. చిన్న భాయి కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. పొగ వల్లనే అన్నాడు.

"బడే భాయి, ఆ ఎక్కువది నేను గడ్త. నాలుగు దినాలు పెద్దోన్నయిన గద, కిరాయి అనుకో."

"నాలుగు దినాలకు గంత కిరాయా?" అన్నాడు అన్న.

"గంత పొగ మింగుడు నాతోని గాదని నాకు ఇయ్యాల తెలిసింది. నువ్వు అన్ని ఏండ్లు మింగినవ్" అని గంగాళంలోకి దిగాడు. పద్నాలుగు గంగాళాలూ తెల్లారేసరికి సావుకారు ఇంటికి చేరాయి.

నా పని మాత్రం అప్పుడే మొదలైంది. పెట్టె మూత మీది రాతకు నకలు, కచేరీలో ముసలమ్మ వేలిముద్రతో వాంగ్మూలం, కంపెనీకి నా తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం. ఆ తరువాత నా ఖాతాలు విప్పి చూస్తే ఇంకా ఆరుగురిని నేను ఇట్లాగే పడుచువాళ్ళను చేశాను. సైకిలేసుకుని ఊరూరూ తిరిగి "మీకు ఏడేళ్ళు ఎక్కువ" అని చెప్పి రావలసి వచ్చింది. లోకంలో ఇంతకంటే కష్టమైన అమ్మకం లేదు. ఖిల్లా ఘణపూరులో ఒకాయన "ఏడేండ్లా! ఎప్పుడు గడిచినయో నాకు తెల్వకుంటనే!" అని కాసేపు విచారపడి, సరే రాసుకొమ్మన్నాడు. వనపర్తిలో దర్జీ ఒకాయన నన్ను చేయి పట్టి సందులోకి లాక్కుపోయాడు. "జర మెల్లగ మాట్లాడు! నిఖా అయి మూన్నెల్లు గాలే. పిల్ల తరఫోళ్ళు నలభై అంటే నమ్మిన్రు. పాలసీ రద్దయితే గానియ్యి, వయసును మాత్రం ముట్టకు!" అన్నాడు. ఆత్మకూరులో ఇంకొకాయన కూడా అదే దారి పట్టాడు (ఆయనకు నిఖా లేదు, పట్టుదల ఉంది). ఈ ఇద్దరి పాలసీలు రద్దయ్యాయి. ఆ కమీషను కంపెనీ ఏడు నెలలు ముక్కలు ముక్కలుగా కోసుకుంది. ఆ ఏడు నెలలు మా ఇంట్లో జొన్నరొట్టెలోకి ఉల్లిగడ్డే కూర. మిగతా నలుగురూ, అన్నదమ్ములిద్దరూ నిలిచారు. ఏజెంటు తానే ముందుకొచ్చి తప్పు సరిదిద్దాడు గనక ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నామని బొంబాయి నుంచి రాశారు.

పెద్ద భాయి ఆ తరువాత ఎనిమిదేళ్ళు ఉన్నాడు. ఛాతి పట్టే ఒక చలికాలంలోనే పోయాడు. పాలసీ డబ్బు ఒక్క ప్రశ్న లేకుండా వచ్చింది; వయసు ముందే తేలి ఉంది గనక అడగడానికేమీ లేదు. ఇవ్వడానికి నేనే వెళ్ళాను. చిన్న భాయి కొలిమి దగ్గర కూర్చుని ఉన్నాడు. కూర్చోవడం ఆయనకింకా అలవాటు కాలేదు, పట్టా అంచు మీద కూర్చున్నాడు. లోపల పెద్ద భాయి భార్య వేలిముద్ర వేస్తుంటే బయట నుంచి "లెక్క మల్లొకపారి సూడు బీమా సాబ్" అన్నాడు. చూశాను. సరిగ్గానే ఉంది. ఇంటికి వచ్చాక ఇంకోసారి చూశాను.

నేను బీమా పని ఇంకా చాలా ఏళ్ళు చేశాను. ఎవరు ఏ సంవత్సరం చెప్పినా కలం మూత తీయకముందే "ఏ సన్?" అని అడగడం అలవాటైపోయింది. ఏ లెక్క సంవత్సరం అని. నాగర్‌కర్నూలు దాకా నాకు 'ఏ సన్ పంతులు' అనే పేరు పడింది. ఇప్పుడు నాకు నలభై దాటింది. నా కింద నేర్చుకునే కుర్రవాళ్ళు నా కూడికలు చూసి ఆశ్చర్యపోతారు. నేను ప్రతి కూడికా మూడుసార్లు ఎందుకు చేస్తానో వాళ్ళకు తెలియదు. ఒక్కోసారి ఆ ఇరవై రెండేళ్ళ కుర్రవాడు గుర్తొస్తాడు. చెవికి పెన్సిలు పెట్టుకుని, సందులో అంతమంది ముందు నిలబడి, తల్లిని కూడా అడగకుండా తమ్ముణ్ణి అన్నగా తేల్చి చెప్పినవాడు. ఫసలీ లెక్కన వాడికి ఇరవై రెండు. హిజ్రీ లెక్కన ఇరవై రెండూ, ఎనిమిది నెలలూ. ఎట్లా లెక్క కట్టినా అంత చిన్నవాడు అంత నిశ్చయంగా ఉండకూడదు. అయినా ఏం చేస్తాం, అంత నిశ్చయంగా ఉండడానికి వేరే వయసు కూడా లేదు.